డొమైన్ ఉచితమే, ఎవరి పేరున?

ఈ వారం దినపత్రిక మడతల్లోంచి ఒక రంగుల కరపత్రం రాలింది. కోచింగ్ సెంటర్లవీ, బోర్‌వెల్ వాళ్ళవీ చూసి చూసి అలవాటుపడ్డ కళ్ళకు ఇది కాస్త కొత్త. మీ వ్యాపారానికి వెబ్‌సైట్, మూడు రోజుల్లో, 4,999 రూపాయలకే. డొమైన్ ఉచితం, ఏడాది హోస్టింగ్ ఉచితం, గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ. ధర చూసి నాకు కోపం రాలేదు. మూడు రోజుల్లో అన్నందుకూ రాలేదు. నాలుగు పేజీల సైట్‌కు మూడు రోజులు చాలు. చిరాకు పుట్టించింది ఆ ‘డొమైన్ ఉచితం’. ఈ శీర్షిక వదలకుండా చదివేవారికి నా రెండు పిచ్చులూ తెలుసు: ఒకటి రసీదు, రెండోది తెలుగు అక్షరం. ఈ కరపత్రం రెండింటినీ ఒక్కసారే కెలికింది. నమూనాగా అచ్చేసిన సైట్ బొమ్మలో ‘స్వాగతం’కు వ వత్తు సగానికి తెగిపోయి ఉంది.

గ్యారంటీ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. గూగుల్‌లో మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సలహా పేజీల్లో రాసిపెట్టింది కాబట్టి, ఆ హామీ ఇచ్చేవాడికి ఈ పని తెలియదు, లేదా మనకు తెలియదని వాడి నమ్మకం. డొమైన్ వ్యవహారం అంత తేలిక కాదు. ఒక డాట్ కామ్ పేరుకు ఏడాదికి అయ్యేది వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఆ వెయ్యి మిగిల్చినందుకు సంతోషించి, పేరు ఎవరి మీద రిజిస్టర్ అయిందో అడగడం మరిచిపోతాం. స్థలం కొనేటప్పుడు ఈసీ తీయించని మనిషి మన రెండు రాష్ట్రాల్లో కనబడడు. అదే మనిషి, బోర్డు మీదా బిల్లు పుస్తకం మీదా విజిటింగ్ కార్డు మీదా అచ్చేయించుకునే పేరును మాత్రం కట్టడానికి వచ్చిన మేస్త్రీ పేరున రాయించి నిశ్చింతగా ఉంటాడు. డబ్బు దగ్గర ఈ తప్పు జరగదు. పేమెంట్ గేట్‌వే తెరవాలంటే యజమాని పాన్, బ్యాంకు ఖాతా, కేవైసీ కావాలి, అందువల్ల డెవలపర్ తలచుకున్నా అది తన పేరున తెరిచి మన కొట్టుకు తగిలించడం తేలిక కాదు. డొమైన్‌కు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. ఎవరు కార్డు గీకి, ఎవరి ఈమెయిల్ ఇస్తే వాళ్ళదే.

పేరు వాళ్ళదైతే ఏమవుతుంది? మామూలు రోజుల్లో ఏమీ కాదు. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ మాత్రం డెవలపర్‌కు వెళ్తుంది. అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయి ఉండవచ్చు, నంబరు మార్చి ఉండవచ్చు, లేదా వట్టి మరుపు. డాట్ కామ్ గడువు దాటాక కొన్నాళ్ళు ఊరట ఉంటుంది. ఆ తర్వాత 30 రోజులపాటు అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే మరో ఐదు రోజులకు ఆ పేరు బజారులో పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. చిన్నవాళ్ళకే ఇలా జరుగుతుందనుకోవద్దు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రుసుము కట్టడం మరిచిపోతే హాట్‌మెయిల్‌లోకి వెళ్ళడం చాలామందికి కుదరకుండా పోయింది. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టాక దారి తెరుచుకుంది. మన కారప్పొడి కొట్టుకు అలాంటి పుణ్యాత్ముడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. ఇక డెవలపర్‌ను మార్చుకోవాలన్నా ఇదే చిక్కు. డొమైన్ మరో చోటికి తరలించడానికి ఒక రహస్య కోడ్ కావాలి. రిజిస్టర్ చేసుకున్న వ్యక్తి అడిగితే ఐదు రోజుల్లో ఆ కోడ్ ఇవ్వాలని, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ నిబంధన ఉంది. అడిగే హక్కు డబ్బిచ్చిన వ్యాపారిది కాదు, రికార్డులో పేరున్నవాడిది.

డొమైన్ కంటే లోతైన గొయ్యి ఇంకొకటి ఉంది, దాన్ని తవ్వింది మోసగాడు కాదు, చట్టమే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనల కోవలోకి వస్తుంది (మన కవులు ఈ బంధుత్వాన్ని ఒప్పుకుంటారో లేదో). రచనకు మొదటి యజమాని రచయితే అంటుంది 17వ సెక్షన్. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే అది ఉద్యోగం ఇచ్చినవారికి చెందుతుంది. మరి బయటివాడికి డబ్బిచ్చి చేయించుకుంటే? ఫొటోలకు, చిత్రపటాలకు, సినిమాకు మినహాయింపు ఉంది. వేరే ఒప్పందం లేకపోతే అవి డబ్బిచ్చి తీయించుకున్నవాడివే. ప్రోగ్రామ్‌కు ఆ మినహాయింపు లేదు. అంటే ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒకావిడ ఒక ఫొటోగ్రాఫర్‌కూ ఒక ఫ్రీలాన్స్ డెవలపర్‌కూ ఒకే రోజు డబ్బిస్తే, ఫొటోలు ఆవిడవి, ప్రత్యేకంగా రాయించుకున్న కోడ్ ఆ అబ్బాయిది. బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసి సంతకం చేయాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలోనూ ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అనుకోవాలి, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి. డల్లాస్‌కూ మెల్‌బోర్న్‌కూ పూతరేకులు పార్సిల్ చేసే వ్యాపారికి ఈ చివరి మాట చిన్నదేమీ కాదు. కొటేషన్ కాగితం మీద ‘పూర్తి సొమ్ము ముట్టాక కోడ్, డిజైన్‌ల మీద కాపీరైట్ శాశ్వతంగా, ప్రపంచమంతటికీ కొనుగోలుదారుకు బదిలీ’ అని ఒక వాక్యం రాయించి సంతకం పెట్టించుకుంటే చాలు. రసీదు పిచ్చి అని నన్ను ఆటపట్టించే పాఠకులు ఈ ఒక్క చోటైనా క్షమించాలి.

ఇంతవరకు చదివినవారికి నేను ఎటు పోతున్నానో అర్థమయ్యే ఉంటుంది: చవక కుర్రాళ్ళ జోలికి పోకుండా, నాలుగు డబ్బులెక్కువైనా పెద్ద ఏజెన్సీకి ఇవ్వండి అంటానని. నేనూ అటే బయల్దేరాను. కానీ లెక్క వేసి చూస్తే అటు తేలడం లేదు. 4,999 రూపాయలకు చేసే కుర్రాడు ఎక్కువగా వాడేది వర్డ్‌ప్రెస్. 2003లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇతను వదిలేస్తే దాన్ని చూసుకోగల మరొకడు ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతాడు. అదే లక్షన్నర తీసుకునే ఏజెన్సీల్లో కొన్ని తమ సొంత బిల్డర్ మీద సైట్ కట్టి, నెలనెలా చందా తీసుకుంటాయి. చందా ఆపిన రోజున చేతికి వచ్చేది ఏమీ ఉండదు. సరుకుల జాబితా కూడా మళ్ళీ మొదటినుంచి టైపు చేసుకోవాలి. కాబట్టి చవక, ఖరీదు అన్న గీత తప్పు చోట పడింది. డెవలపర్‌ను ఎంచుకునేటప్పుడు అతని పని ఎంత బాగుందని కాకుండా, అతన్ని ఎంత తేలిగ్గా మార్చుకోగలమని చూడాలి. వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే, పాత ప్లగిన్ల సందుల్లోంచి జూదం సైట్ల లింకులు దూరతాయన్న అభ్యంతరం నిజమే. అందుకే నిర్వహణకు ఏడాదికి ఎంతో మొదటి రోజే విడిగా రాయించుకోవాలి. ‘హోస్టింగ్ ఏడాది ఉచితం’ అంటే రెండో ఏడాది ధర మొదటి ఏడాదే అడగాలని అర్థం.

డెవలపర్ల వైపునుంచి వచ్చే అభ్యంతరం దీనికంటే బలమైనది. డొమైన్ మా దగ్గర పెట్టుకోకపోతే మిగతా డబ్బు ఎవరిస్తారు అంటారు వాళ్ళు. న్యాయమైన ప్రశ్న. చిన్న వ్యాపారుల్లో వెబ్‌సైట్ బాకీని బాకీగా లెక్కించేవాళ్ళు తక్కువ. సిమెంటు కొట్టువాడికి ఆపని బాకీ సైట్ చేసిన కుర్రాడికి ఆపుతారు, ఎందుకంటే అతను తెచ్చింది బస్తాల్లో కనబడదు. పైగా ఆలస్యం సగం మనదే. ‘మా గురించి’ పేజీలో ఏం రాయాలో చెప్పం, సరుకుల ధరలు పంపం, ఫొటోలు రేపు అంటాం, ఆ రేపు దసరాకు మొదలై సంక్రాంతి దాటుతుంది. చివరికి ఆ కుర్రాడు ఇంటర్నెట్‌లో దొరికిన తెల్లదొరల కరచాలనం బొమ్మ పెట్టి, మన ఊరి పచ్చళ్ళ సైట్‌ను ముగిస్తాడు. దీనికి పేరును తాకట్టు పెట్టడం మందు కాదు. అడ్వాన్సు కొంత, నమూనా చూపించాక కొంత, సైట్ జనంలోకి వెళ్ళేముందు మిగతాది, ఇలా మూడు వాయిదాలు పెట్టుకుంటే ఇద్దరికీ భయం ఉండదు. డొమైన్ మన అకౌంట్‌లో ఉన్నంత మాత్రాన పని ఆగదు. చాలా రిజిస్ట్రార్లలోనూ హోస్టింగ్ కంపెనీల్లోనూ డెవలపర్‌కు విడిగా అనుమతి ఇచ్చే వీలుంది, పని అయ్యాక అది తీసేయవచ్చు. ఇవన్నీ నాకెక్కడ తెలుస్తాయి అనే వ్యాపారి యూపీఐలో క్యూఆర్ కోడ్ సొంతంగా పెట్టించుకున్నవాడే. అతనికి తెలియాల్సింది ఒక ఈమెయిల్, దాని పాస్‌వర్డ్, అది ఏ ఫోన్ నంబరుకు ముడిపడి ఉందన్నది. అంతే.

ఇక రెండో పిచ్చి. డెవలపర్‌కు పనితనం పరీక్ష పెట్టాలంటే నేను పోర్ట్‌ఫోలియో అడగను, ఒక తెలుగు పేజీ అడుగుతాను. అను వంటి పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి పని నడిపించాయి. అచ్చులో అది అందంగా వచ్చేది, ఇప్పటికీ ఎన్నో ప్రెస్సుల్లో వస్తోంది. కానీ కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు, అర్థం లేని రోమన్ అక్షరాల వరస. ప్రెస్సువాడి దగ్గరున్న ఆ ఫైలును బొమ్మగా మార్చి సైట్‌లో అతికించేస్తే కంటికి తెలుగే కనబడుతుంది, గూగుల్‌కు మాత్రం ఏమీ చిక్కదు. ‘బెల్లం పూతరేకులు’ అని తెలుగులో వెతికిన మనిషికి ఆ కొట్టు దొరకదు. ఫోన్‌లో చదివి వినిపించే సాధనం వాడే చూపులేని కొనుగోలుదారుకు ఆ పేజీ ఖాళీ. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు ఉంది. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, ఈ ఉచితంలో మెలిక లేదు. అయినా అక్షరాలను బొమ్మలుగా అతికిస్తున్నారంటే అది చేతకానితనం కాదు, ఎవరూ అడగకపోవడం. వేలితో నొక్కిపట్టి వాక్యం ఎంపికవుతోందా, వత్తులు కింది వరసలోకి దూరి తెగుతున్నాయా అని చూడండి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల మధ్య ఖాళీ తెలుగుకు చాలదు. అది గమనించి సవరించినవాడు మిగతా పని కూడా శ్రద్ధగానే చేసి ఉంటాడని నా అంచనా.

అసలు సైట్ ఎందుకు, వాట్సాప్ బిజినెస్, ఇన్‌స్టా చాలవా అన్న మాట కొట్టిపారేసేది కాదు. సందు చివర టిఫిన్ సెంటర్‌కు గూగుల్ మ్యాప్‌లో సరైన వేళలూ ఫోన్ నంబరూ ఉంటే సరిపోతుంది. వాళ్ళకు వెబ్‌సైట్ అమ్మేవాడిది సేవ కాదు. పొరుగూళ్ళకూ పొరుగు దేశాలకూ అమ్మేవారి సంగతి వేరు, పరాయి వేదిక ఏ రోజైనా మూతపడవచ్చు. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు చిన్న వ్యాపారాలకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది, మరోచోట కట్టుకోండని చెప్పింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం వచ్చినప్పుడు దాని మీదే సరుకు చూపించి అమ్ముకున్నవాళ్ళు గిరాకీనంతా ఒక్కసారే పోగొట్టుకున్నారు. సొంత పేరున్న సైట్‌ను ఒక హోస్టింగ్ నుంచి ఇంకో హోస్టింగ్‌కు మార్చినా కొనేవాడికి చిరునామా మారదు.

ఇక పోర్ట్‌ఫోలియో చూడాల్సే వస్తే, కొత్తగా చేసినవి వద్దు, మూడేళ్ళ కిందట చేసినవి చూపించమనండి. అవి ఇప్పటికీ తెరుచుకుంటున్నాయా, మన కొనుగోలుదార్లు వాడే పదివేల రూపాయల ఫోన్‌లో, మొబైల్ డేటా మీద ఎంతసేపట్లో వస్తున్నాయో చూడండి. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ కొలత, దాని పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఎవరైనా ఉచితంగా కొలుచుకోవచ్చు. ఆ కరపత్రం కుర్రాడికి పని ఇవ్వాలా అంటే, నిరభ్యంతరంగా ఇవ్వండి. ‘డొమైన్ ఉచితం’ అన్న చోట ‘నా డబ్బుతో, నా పేరున’ అని దిద్ది ఇవ్వండి. ఇప్పటికే సైట్ ఉన్నవారు ఈ ఆదివారం తమ ఇన్‌బాక్స్‌లో రిజిస్ట్రార్ పంపిన రెన్యువల్ మెయిల్ ఉందేమో వెతకండి. లేకపోతే డెవలపర్‌కు ఫోన్ చేసి, డొమైన్‌ను మీ అకౌంట్‌లోకి మార్చమని మర్యాదగా అడగండి. ఇద్దరి మధ్యా మాట బాగున్నప్పుడే అడగండి, చెడ్డాక ఆ పనికి వకీలు కావాలి.