నరమూ, తీగా: ఒక ఉపమానముపై విమర్శ

నరమును విద్యుత్తు తీగతో పోల్చి చెప్పడము మన బోధనలో పాతుకొనిపోయిన ఆచారము. లోపలి రాగితీగ నాడీతంతువు. దానిమీది రబ్బరు తొడుగు మయలిన్ అనే కొవ్వుపొర. తొడుగు చెడితే తీగ పనికిరానట్లే, మయలిన్ చెడితే మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే వ్యాధి వస్తుంది. నల్లబల్లమీద రెండు గీతలు గీస్తే పాఠము ముగుస్తుంది. నేనూ చాలాకాలము ఇట్లాగే చెప్పాను. సింగరాయకొండలో ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "తొడుగు ఊడిన తీగను ముట్టుకుంటే షాకు కొడుతుంది గదండీ. మరి ఆ రోగికి చెయ్యి మొద్దుబారడమెందుకు?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ప్రశ్న సరియైనదే, తప్పంతా నా ఉపమానములో వున్నది.

విచిత్రమేమంటే, ఈ వ్యాధి కలవారిలో కొందరికి మెడ ముందుకు వంచినపుడు వెన్నుపొడవునా షాకు కొట్టినట్లు నిజంగానే వుంటుంది. ఫ్రెంచి వైద్యుడు లెర్మిట్ పేరుతో ఆ లక్షణమును పిలుస్తారు. కాని అది తీగలోనుండి కరెంటు కారడము వంటిది కాదు.

తీగ సంగతి చూడండి. తొడుగు ఒలిచివేసినా రాగిలో విద్యుత్తు ఎప్పటివలెనే పారుతుంది. తొడుగు వున్నది మనల్ని కాపాడడానికి. నరములో అట్లా కాదు. అక్కడ సంకేతము ఈ కొసనుండి ఆ కొసకు నీళ్లవలె పారదు. తంతువు పైపొరలోని సన్నని ద్వారాలగుండా సోడియము అయానులు లోపలికి చొరబడతాయి. అక్కడ సంకేతము క్రొత్తగా పుడుతుంది, ప్రక్కచోటును రేపుతుంది. మయలిన్ తొడిగిన తంతువులో ఈ పని అడుగడుగునా జరగదు. తొడుగుకూ తొడుగుకూ నడుమ సన్నని ఖాళీలు వుంటాయి. 1870 దశకములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాన్వియే వీటిని వర్ణించాడు. సంకేతము ఈ ఖాళీలలోనే పుడుతూ, ఒకదానినుండి మరొకదానికి దుముకుతూ పోతుంది. లావుపాటి మయలిన్ తంతువులో దాని వేగము సెకండుకు సుమారు 100 మీటర్లు. మయలిన్ లేని సన్నని తంతువులో సుమారు ఒక మీటరు. కాబట్టి మయలిన్ కాపలాదారు మాత్రమే కాదు, వేగమునకు కారణము కూడా అదే.

తీగకు బదులు నేనిప్పుడు ఆవిరి ఇంజనును చెబుతున్నాను. పెద్ద స్టేషనులో నీళ్లు పట్టుకొని, నడుమ చిన్న స్టేషనులన్నీ దాటి, మరల పెద్ద స్టేషనులో పట్టుకొంటుంది. తొట్టికి చిల్లిపడితే తరువాతి స్టేషను చేరకముందే కుంటుతుంది, లేదా ఆగిపోతుంది. మయలిన్ పోయిన భాగములో విద్యుదావేశము ఇట్లాగే కారిపోతుంది. సంకేతము ఆలస్యమవుతుంది, లేదా మధ్యలో ఆరిపోతుంది. ఈ పోలికకూ లోపాలున్నవి. పైగా ఆవిరి ఇంజనును చూడని పిల్లలకు ముందు ఇంజనును వివరించవలసి వస్తున్నది. ఐనా తీగకంటె ఇది నయము. ఎందుకో చెబుతాను.

తెగిన తీగ ఉదయము తెగివుంటే సాయంత్రమూ తెగివుంటుంది. ఈ రోగి అట్లా వుండడు. జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో గమనించినది యిదే: కొందరు రోగులకు శ్రమ చేసినపుడు చూపు మసకబారి, విశ్రాంతితో మరల తేరుకొంటున్నది. దీనికి మూలము ఒంటి వేడి అని తరువాత తేలింది. వేడి పెరిగితే సోడియము ద్వారాలు త్వరగా మూసుకొంటాయి. అసలే చాలీచాలని సంకేతము ఇంకా బలహీనపడుతుంది. శరీరపు వేడి అర డిగ్రీ పెరిగినా చాలు. క్రొత్త నష్టము జరగదు, చల్లబడితే తేరుకొంటుంది. ఈ సంగతిని చలిదేశాల పుస్తకాలలో ఒక వాక్యముతో సరిపెట్టవచ్చు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన మైదానములో, మిరపకోతలకు పోయేవారికి, పొగాకు బ్యారనులలో పనిచేసేవారికి, మిట్టమధ్యాహ్నము పొయ్యిముందు నిలిచే స్త్రీకి అదే అసలు పాఠము.

నా పూర్వవిద్యార్థిని ఒకామె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఒక వేసవిలో ఆమెకు ఒక కన్ను నొప్పితో మసకబారి కొన్ని వారాలకు సర్దుకొన్నది. మరుసటి యేడు కాళ్లు తడబడ్డాయి. ఉదయము బాగానే నడిచి, మధ్యాహ్నము గోడ పట్టుకొనేది. ఇంట్లో "పని తప్పించుకోవడానికి నటిస్తున్నది" అన్నారు. వారిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. తీగ పాఠము చదువుకొన్నవారు అంతకంటె ఏమనుకొంటారు? ఒక వైద్యుడు "నరాల బలహీనత" అని తేల్చి రెండేళ్లపాటు విటమిను సూదులు ఇచ్చాడు.

ఈ "నరాల బలహీనత" అనే మాటపై నాకు తీగమీదకంటె ఎక్కువ కోపమున్నది. వాడుక తెలుగులో నరము అంటే చాలా అర్థాలు. చేతిమీద ఉబ్బిన నరాలు నిజానికి రక్తనాళాలు. మెడలో పట్టిన నరము తరచుగా కండరము. నాడి అందామా, అది వైద్యుడు చేయి పట్టి చూచేది. ఇన్ని అర్థాలను ఒకే సంచిలో వేసి, దానికి బలహీనత అని ముడివేస్తే, గోడమీద ప్రకటనలు వ్రాయించే మందులవారికి తప్ప మరెవరికీ లాభము లేదు. బలహీనతకు బలము ఇవ్వాలని ఎవరైనా అనుకొంటారు. కాని ఇక్కడ జరుగుతున్నది వేరు. దేహరక్షణకు వున్న కణాలే దారితప్పి మెదడులో, వెన్నుపాములో, కంటినాడిలో మయలినుమీద దాడిచేస్తున్నవి. 1868లో పారిసు సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో ఈ వ్యాధిని స్పష్టముగా వేరుచేసి చూపాడు. మరణించినవారి మెదడులో అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనిపించడమువల్ల ఆ పేరు వచ్చింది. దానిని ముక్కకు ముక్క తెలుగుచేసి "బహుళ కాఠిన్యము" అనడము నాకు యిష్టము లేదు. రోగికి తెలిసేది కాఠిన్యము కాదు, అలసట.

కారణము ఒక్కటి కాదు. 2022లో అమెరికా సైనికోద్యోగుల రక్తనమూనాలపై వెలువడిన పరిశోధనలో, ఎప్‌స్టీన్-బార్ వైరసు సోకినవారిలో ఈ వ్యాధి వచ్చే అవకాశము 32 రెట్లు పెరిగినట్లు తేలింది. ఐతే ఆ వైరసు లోకములో దాదాపు అందరికీ సోకేదే. వ్యాధి మాత్రము బహుకొద్దిమందికి వస్తుంది. కలిసి భోంచేస్తే అంటదు. 1993లో ఇంటర్‌ఫెరాన్ బీటా, ఆ పిమ్మట మరికొన్ని మందులు వచ్చినవి. ఇవి పోయినదానిని తిరిగి తెచ్చేవి కావు, ముందు ముందు జరగబోయే దాడులను తగ్గించేవి. అందుచేత ఆ రెండేళ్ల విటమిను సూదుల లెక్క చిన్నది కాదు.

మరొక విమర్శ. మన పత్రికలలో ఈ వ్యాధిపై వచ్చే వ్యాసాలు పెక్కు విదేశీ వ్యాసాలకు నీడలు. "ఉష్ణదేశాలలో అరుదు" అని ఒక వాక్యము పడుతుంది. చదివినవాడు మనకు రాదని పుస్తకము మూస్తాడు. తక్కువే గాని, లేకపోలేదు. మరొకవైపు, కాళ్లు బిగిసిన ప్రతివారికీ ఇదే అనుకోవడమూ పొరపాటే. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. ఆనాడు దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు, మన కందుకూరు తాలూకా ఆ జిల్లాలోనివే. నీటిలోని ఫ్లోరైడు ఏళ్లతరబడి చేరి వెన్నెముకను బిగించి, వెన్నుపామును బయటినుండి నొక్కుతుంది; కాళ్లు మెల్లగా బిగుస్తాయి. అది మల్టిపుల్ స్క్లీరోసిస్‌వలె వచ్చిపోయేది కాదు. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. న్యూరోమయలైటిస్ ఆప్టికా మరొక తోడుదొంగ; కంటినీ వెన్నుపామునూ పట్టుకొంటుంది. దానిని రక్తపరీక్షలో గుర్తించే ప్రతిదేహము 2004లో దొరికింది. ఒకదానికి మేలుచేసే ఇంటర్‌ఫెరాన్ రెండవదానికి కీడుచేయవచ్చు. పేరులో ఏమున్నదని అనేవారికి యిది జవాబు.

ఇక వ్యాసాల ముగింపులు. "సంకల్పబలముతో జయించింది" అనే వాక్యము లేనిదే వ్యాసము పూర్తికాదు. మయలిన్‌కు సంకల్పము తెలియదు. మరుసటి దాడి వచ్చిననాడు ఆ రోగికి ఏమని చెబుతాము, సంకల్పము తగ్గిందనా? 2016 వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని 21 వైకల్యాలలో ఒకటిగా పేరుపెట్టి చెప్పింది. ఆ సంగతి వ్రాసినవారు నాకు తారసపడలేదు. ఐతే వైకల్యపు శాతము పరీక్షించిన ఒకనాటి స్థితినిబట్టి కడతారు. జనవరి ఉదయము కట్టిన శాతము మే మధ్యాహ్నమునకు సరిపోదు.

ఆ ఉపాధ్యాయిని ఇప్పుడు మందు తీసుకొంటున్నది. ప్రధానోపాధ్యాయుడు ఆమె తరగతులన్నీ ఉదయానికి మార్చాడు, గదిని కిటికీలున్నవైపుకు మార్చాడు. మెడకు తడితువాలు చుట్టుకొని పాఠము చెబుతుంది. మొన్న కలిసినపుడు నా ఇంజను బొమ్మ చూపించాను. "తొట్టి చిల్లి ఎప్పుడు పడుతుందో డ్రైవరుకు ముందు తెలియదని కూడా చెప్పండి మాస్టారూ" అన్నది.