చరణం తప్పినా పల్లవి తప్పదు

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల ఇంటి కూడికకు పెద్ద సరంజామా అక్కర్లేదు. చాప, డోలక్, తాళాలు, ఒక కీర్తనల పుస్తకం ఉంటే చాలు. కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు కావడంతో ఇక్కడి మాటల్లో కన్నడం, ఉర్దూ కలిసిపోతాయి. ప్రార్థనలో కూర్చున్నాక మాత్రం తెలుగు కీర్తన అందుకుంటారు.

పల్లవి, అనుపల్లవి, చరణాలు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు మనకు తెలిసిన ఈ కట్టుబడిలోనే క్రీస్తును పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. దేవుని కృప అంటే ఏమిటో మన సంఘాలు ప్రసంగాల్లో కన్నా ఈ కట్టుబడిలోనే ఎక్కువ నేర్చుకున్నాయని నా నమ్మకం.

పశ్చాత్తాప కీర్తననే తీసుకోండి. చరణం మనిషిది: మాట తప్పాను, మేలు మరిచాను, మళ్లీ అదే దారి పట్టాను. పల్లవి దేవునిది. ముందు పాడేవారు చరణాన్ని ఒంటిగా ఎత్తుకుంటారు. చివరి పాదానికి వచ్చేసరికి గొంతు కిందికి దిగుతుంది, డోలక్ దెబ్బ పలచబడుతుంది. ఆ పాదం పూర్తయ్యీ కాకముందే వెనక కూర్చున్న ఆడవాళ్లు పల్లవి అందుకుంటారు. చదువు రాని పెద్దమ్మకు చరణాలు నోటికి రాకపోవచ్చు, పల్లవి వస్తుంది. తప్పు ఒప్పుకునే గొంతు ఒక్కటే, ఆదరించే గొంతులు ఇంటినిండా.

ఈ నడక బైబిల్లోనూ ఉంది. 136వ కీర్తనలో 26 వచనాలుంటే, ప్రతి వచనమూ దేవుని కృపకు అంతం లేదన్న మాటతోనే ముగుస్తుంది. 106వ కీర్తన ఇశ్రాయేలీయుల ద్రోహాలన్నీ ఏకరువు పెట్టి, అయినా దేవుడు తన నిబంధనను జ్ఞాపకం చేసుకున్నాడంటుంది. ఇక పేతురు సంగతి. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు యేసును ఎరుగనన్నాడు. యోహాను సువార్త చివర మళ్లీ బొగ్గుల మంట, మళ్లీ మూడు ప్రశ్నలు. తప్పును దాటవేయకుండా, అది జరిగినట్టే మూడుసార్లు నిలదీసి, మందను మళ్లీ పేతురు చేతికే అప్పగించాడు యేసు. కృప ఉంది కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ అధ్యాయం నిదానంగా చదవాలి.

సాక్ష్యానికీ ఇదే వరస. వికారాబాద్ జిల్లా ధారూర్‌లో 1923 నుంచి ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. కుటుంబాలతో వచ్చి, గుడారాలు వేసుకుని ఉంటారు. ఇలాంటి కూడికల్లో తాగుడు మానినవారి సాక్ష్యాలు వింటూనే ఉంటాం. మారిన తర్వాత కూడా పడ్డాను, దేవుడు మళ్లీ లేపాడు అని చెప్పేవారి మాట నన్ను ఎక్కువగా పట్టుకుంటుంది. కొట్టిన చేతి గురించి భార్య ఎదుటే ఒప్పుకునే సాక్ష్యానికి ఉన్న బరువు దేనికీ రాదు.

ఇప్పుడు చాలా చోట్ల టైం లేదని మొదటి చరణం, చివరి చరణం పాడి ముగిస్తున్నారు. తప్పుల పద్దు తరచు మధ్య చరణాల్లోనే ఉంటుంది. వాటిని వదిలేస్తే పల్లవి దేనికి జవాబో పిల్లలకు ఎలా తెలుస్తుంది? పాట నడిపించే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి: ఆదివారానికి ఒక్క కీర్తననైనా అన్ని చరణాలతో పాడించండి.