పదిహేను డాలర్ల పైపు

ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో మాది డీడీఏ ఫ్లాటు, గ్రౌండ్ ఫ్లోరు. ఇంటి ముందు చాపంత తోట, దానికి తోడు ఒక పచ్చ ప్లాస్టిక్ పైపు. మే నెల వచ్చిందంటే ఆ పైపుకి కాలనీ అంతా చుట్టాలే. కూలర్ నింపాలని ఒకరు, కారు కడగాలని ఇంకొకరు. మొన్న వేసవిలో పక్క బ్లాకు పెద్దాయన దాన్ని పట్టుకెళ్లి, సాయంత్రానికి చీలికలు పడ్డ పైపుతో గేటు దగ్గర నిలబడ్డాడు. నేను నోరు విప్పేలోపే ఆయనే అడిగాడు: "కిత్‌నే ఫుట్ కా థా, భాయీసాబ్?" ఎన్ని అడుగులదండీ అని. కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్న నాకు పాత పరిచయం. 1940 డిసెంబరు 17న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ విలేకరులకు చెప్పిన పిట్టకథ ఆ ప్రశ్న మీదే తిరుగుతుంది.

ఆ కథ యుద్ధ చరిత్రలన్నిటిలో ఉంటుంది, ఒక్క పేరాలో. దానిలోని పనితనం చూడాలంటే మాత్రం వడ్రంగి చేసిన కుర్చీని తిరగేసి చూసినట్టు చూడాలి.

ముందు రూజ్వెల్ట్ ఇరుక్కున్న ఇరుకు. జర్మనీతో ఒంటరిగా తలపడుతున్న బ్రిటన్ దగ్గర డాలర్లు నిండుకుంటున్నాయి. ఇక రొక్కం చెల్లించలేని రోజు దగ్గరపడుతోందని చర్చిల్ రాసిన పెద్ద ఉత్తరం, కరీబియన్ సముద్రంలో టస్కలూసా అనే యుద్ధనౌక మీద ఉన్న రూజ్వెల్ట్‌కి అందింది. అమెరికా చట్టమేమో డబ్బు కట్టి, సొంత ఓడల్లో సరుకు తీసుకుపొమ్మంటోంది. మొదటి యుద్ధం నాటి బాకీ ఎగవేసిన దేశాలకు మళ్లీ అప్పివ్వకూడదని 1934 నాటి జాన్సన్ చట్టం ఉంది. ఆ ఎగవేతదారుల్లో బ్రిటన్ కూడా ఒకటి. కాబట్టి అప్పు అనకూడదు. అమ్మకం అందామంటే కొనేవాడి జేబు ఖాళీ. దానం అంటే జనం ఒప్పుకోరు. మనకైతే 'చేబదులు' అనే మాట ఉంది. పత్రం లేదు, వడ్డీ లేదు, మాటే పూచీ. ఇంగ్లీషులో దానికి సరితూగే మాట లేక కాబోలు, ఆయన కథ చెప్పాల్సి వచ్చింది.

కథ చిన్నది. పొరుగువాడి ఇల్లు అంటుకుంది. నాలుగైదు వందల అడుగుల దూరంలో నా దగ్గర తోటకు నీళ్లు పెట్టే పైపు ఉంది. వాడు దాన్ని తీసుకెళ్లి తన హైడ్రంట్‌కి తగిలించుకుంటే మంట ఆరవచ్చు. దీని ఖరీదు 15 డాలర్లు, ముందు అవి కట్టు అని నేను అడగను. మంట ఆరాక నా పైపు నాకిస్తే చాలు. బాగుంటే తిరిగిస్తాడు, థాంక్స్ చెబుతాడు. చిరిగిపోతే? ఎన్ని అడుగులదని వాడే అడుగుతాడు. 150 అంటాను. సరే, కొత్తది తెచ్చిస్తానంటాడు. అంతే.

ఇందులో నన్ను మొదట పట్టుకున్నది అంకెల పొందిక. 15 డాలర్లు, 150 అడుగులు. కోట్ల డాలర్ల బేరాన్ని పెరటి సామాను ధరలోకి దించేశాడు. ఆ ధర చెప్పింది కూడా దాన్ని పక్కకు తోసేయడానికే. పనికిమాలిన పాత డాలరు గుర్తును తుడిచేయాలనుకుంటున్నానని అదే సమావేశంలో ఆయన అన్నాడు. గుర్తు తుడవాలంటే ముందు అది కనిపించాలి కదా.

రెండోది, ఆయన వదిలేసినది. ఈ పోలిక పూర్తిగా ఆయన సొత్తు కాదు. అదే ఏడాది ఆగస్టులో ఆయన మంత్రి హెరాల్డ్ ఇక్స్ ఒక ఉత్తరంలో ఇలాంటిదే రాశాడు. పక్కిల్లు భగ్గున మండుతోంది, గాలి మనవైపే వీస్తోంది, అయినా మంట ఆర్పే పరికరం ఇవ్వను పొమ్మనే ఇంటాయన కథ. దీన్ని మొదటి చిత్తుప్రతి అనుకుంటే, రూజ్వెల్ట్ దిద్దుబాటు ఎంత మేలైనదో తెలుస్తుంది. పరికరం పోయి పైపు వచ్చింది. మొదటిది అందరిళ్లలో ఉండదు, రెండోది ఉంటుంది. పిసినారి పోయి మంచి పొరుగువాడు వచ్చాడు, అంటే వినేవాడికి తిట్టు తప్పింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, గాలిని తీసేయడం. మంట మన ఇంటికి పాకుతుందన్న మాట ఆయన పిట్టకథలో లేదు. ఆ భయాన్ని వినేవాడే తెచ్చుకుంటాడు. తాను తెచ్చుకున్న భయంతో ఎవడూ వాదించడు.

కథలో బ్రిటన్ లేదు, హిట్లర్ లేడు, తుపాకీ లేదు. పోలికలో ఒక అంగాన్ని దాచేది లుప్తోపమ; అలా అనబోయాను కానీ, మన ఆలంకారికుల లెక్కలో ఇది ఒకదాని నెపంతో మరొకటి చెప్పే అన్యాపదేశానికే దగ్గర. హైడ్రంట్ మాత్రం పొరుగువాడిదే, మంటలోకి దిగేదీ వాడే. మన పిల్లలు యుద్ధానికి వెళ్లరు అనే హామీని ఆ ఒక్క వస్తువులో దాచాడు.

ఇక మా పెద్దాయన ప్రశ్న. ఇచ్చినవాడు అడగడు, పుచ్చుకున్నవాడే ఎన్ని అడుగులని ఆరా తీస్తాడు. బాకీ తీర్చే చొరవ బాకీదారుకే ఇవ్వడం వల్ల వాడి పరువు నిలుస్తుంది. ఆరున్నరేళ్ల తర్వాత, 1947 జూన్ 5న హార్వర్డ్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జార్జి మార్షల్, యూరప్‌కు సాయం చేస్తామంటూనే పథకం వేసుకోవాల్సింది యూరపే అన్నప్పుడు నాకు ఇదే మెళకువ కనిపిస్తుంది. ఆయన ఉపన్యాసం పొడిపొడిగా ఉంటుంది, అలంకారం జోలికి పోదు. అదొక వేరే విద్య.

పిట్టకథ లెండ్-లీజ్ చట్టంగా మారినప్పుడూ పని చెడలేదు. బిల్లుకి 1776 అని నంబరు వేశారు. బ్రిటన్ నుంచి విడిపోయిన ఏడాది అంకెతో బ్రిటన్‌కి సాయం! చట్టం పేరులో అమెరికా రక్షణే తప్ప బ్రిటన్ ఊసు లేదు. తిరిగి చెల్లింపు వస్తు రూపంలోనో, ఆస్తి రూపంలోనో, అధ్యక్షుడికి తృప్తి కలిగించే ఏ ప్రయోజనం రూపంలోనైనా సరే అన్నారు. పెరటిలో ఇద్దరి మధ్య కుదిరిన మాట, లాయరు భాషలో అచ్చంగా అదే. 1941 మార్చి 11న సంతకమైంది.

ఎదుటి పక్షంలోనూ పనివాళ్లు లేకపోలేదు. యుద్ధ సామగ్రి అరువివ్వడం చూయింగ్ గమ్ అరువివ్వడం లాంటిదే, తిరిగొచ్చినా మనకక్కర్లేదు అన్నాడు సెనేటర్ టాఫ్ట్. నమిలిన కిళ్లీ ఎవడు పుచ్చుకుంటాడు? నిజానికి వాస్తవం టాఫ్ట్ వైపే ఉంది. బ్రిటన్‌కి సుమారు 3,100 కోట్ల డాలర్ల సరుకు వెళ్లింది. యుద్ధంలో ఖర్చయినదానికి లెక్క అడగలేదు, మిగిలినదానికి 65 కోట్లకు ఖాతా తేల్చారు. దానితోపాటు 1945 డిసెంబరులో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ బేరమాడి తెచ్చిన 375 కోట్ల అప్పు మాత్రం రెండు శాతం వడ్డీతో 2006 చివరిదాకా సాగింది. మరో సెనేటర్ వీలర్, పంట దున్నేసినట్టు ప్రతి నాలుగో అమెరికన్ కుర్రాణ్ణీ దున్నేస్తారన్నాడు. పదునుంది కానీ, చేయి తెగే పదును. రూజ్వెల్ట్‌కి ఒళ్లు మండింది, వినేవాళ్లకి రోత పుట్టింది.

ఈ పోలికల పోటీలో మన దేశం తరఫున నిలబెట్టదగినవాడు ఏ.డి. ష్రాఫ్. యుద్ధంలో మన సరుకులు వాడుకుని బ్రిటన్ మనకు పడ్డ బాకీ, యుద్ధం ముగిసేసరికి 130 కోట్ల పౌన్లు దాటింది. 1944లో బ్రెట్టన్‌వుడ్స్ అంతర్జాతీయ ద్రవ్య సభలో భారత ప్రతినిధి ష్రాఫ్ ఆ గతి చెప్పాడు: బ్యాంకులో పది లక్షలున్నా టాక్సీకి ఇవ్వడానికి చిల్లర లేని మనిషి. ఒక్క వాక్యం. పైపు కథకు ఏమాత్రం తీసిపోదు. అయితే రూజ్వెల్ట్ కథ వెనక ఖజానా ఉంది, ష్రాఫ్ వెనక వలస ప్రభుత్వం ఉంది. ఎంత బాగా చెక్కినా, కుర్చీ వేయడానికి గది ఉండాలి.

పైపును నిజంగా పైపు రూపంలోనే తిరిగిచ్చిన బాకీదారుల్లో మనమూ ఉన్నాం. యుద్ధకాలంలో నాణేల కొరత తీర్చడానికి, ధరలు అదుపు చేయడానికి అమెరికా అదే చట్టం కింద అవిభక్త భారతానికి 22.6 కోట్ల ఔన్సుల వెండి అరువిచ్చింది. ఔన్సుకి ఔన్సు తిరిగివ్వాలి. విభజన తర్వాత పాకిస్తాన్ తన వాటా తాను చూసుకుంది. మనం సగం వెండి, సగం రాగీ నికెలూ జింకూ కలిసిన ఆరో జార్జి రూపాయలను చలామణీ నుంచి లాగి, కలకత్తా టంకశాలలో కరిగించి, వెండి విడదీసి 1957 నాటికి బాకీ తీర్చాం.

మా దేవుడి పెట్టెలో 1944 నాటి రూపాయి ఒకటుంది. మా నాన్నమ్మ కొంగున ముడేసుకుని దాచింది కనక ఆ కొలిమికి చిక్కలేదు.

పెద్దాయన వారం తిరక్కుండా కొత్త పైపు తెచ్చిచ్చాడు. 30 అడుగులని చెప్పాను, 30 అని ఆయనా అన్నాడు. నేను కొలవలేదు. మా ఆవిడ కొలిచింది, రెండడుగులు తక్కువ.