‘శంకరాభరణం’లో సంగీత వారసత్వం: మూడు దారులు, ఒక గండపెండేరం

ఉపోద్ఘాతం

తల్లిదండ్రుల అభిరుచి పిల్లలకు అందడం సహజమని మనం భావిస్తాం. పొలం, ఇల్లు సంక్రమించినట్టే స్వరజ్ఞానమూ సంక్రమిస్తుందని నమ్ముతాం. అయితే పొలానికి పట్టా ఉంటుంది, అభిరుచికి ఉండదు. అది ఎవరిదాకా చేరాలో, ఎవరి దగ్గర ఆగిపోవాలో కుటుంబమూ సమాజమూ కలిసి నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయం జరిగే తీరును పరిశీలించడానికి కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ అనువైన ఆకరం. ఈ చిత్రంపై చర్చ ఎక్కువగా శాస్త్రీయ సంగీత పునరుజ్జీవనం చుట్టూ, కుల కట్టుబాట్ల చుట్టూ సాగింది. కథలోని పిల్లల వైపు నుంచి చూస్తే మరొక ప్రశ్న ఎదురవుతుంది. శంకరశాస్త్రి సంగీతానికి వారసులుగా నిలవదగిన పిల్లలు ఇద్దరున్నారు: ఒకరు కూతురు శారద, మరొకరు తులసి కొడుకు శంకరం. గండపెండేరం ఒక్కరికే దక్కింది. ఎందుకు?

తండ్రి నుంచి కూతురికి

శారదకు సంగీతం పుట్టింటి గాలితోపాటు అబ్బినది. తల్లి లేని పిల్ల, తండ్రే గురువు. ఆయన శిక్షణలో వాత్సల్యమూ ఉంది, కాఠిన్యమూ ఉంది. స్వరం తప్పితే కూతురని ఉపేక్షించడు. అంటే శాస్త్రి ఆమెకు నేర్పింది కాలక్షేపపు సంగీతం కాదు. తాను ఏ ప్రమాణాన్ని పాటించాడో ఆ ప్రమాణాన్నే ఆమె ముందూ ఉంచాడు. అయినా కథ ఆమె సాధనను వివాహం వైపు నడిపిస్తుంది. ఆమె పాటకు సంబంధించిన ఉత్కంఠ క్రమంగా ఆమె పెళ్లికి సంబంధించిన ఉత్కంఠగా మారుతుంది. తన తరవాత ఈ విద్య ఏమవుతుందన్న శాస్త్రి ఆవేదనకు ఇంట్లోనే ఉన్న శారద సమాధానంగా తోచదు. ఈ మౌనాన్ని చిత్రం సమర్థించదు, ప్రశ్నించనూ ప్రశ్నించదు. ప్రేక్షకుడు కూడా దాన్ని గమనించకపోవడమే ఇక్కడ గమనార్హం.

తల్లి నుంచి కొడుకుకు

తులసి వేశ్యాకుటుంబంలో పుట్టింది. ఆమె ఆరాధన నాట్యంపైనా, శాస్త్రి గానంపైనా. తల్లి ఆమెను వృత్తిలోకి దించాలని చూస్తుంది. బలాత్కారం ఫలితంగా పుట్టిన కొడుకును తులసి శాస్త్రి సన్నిధికి చేరుస్తుంది. తనను కాటేసిన పాము శంకరుడికి ఆభరణం కావాలన్నది ఆమె సంకల్పం. చిత్రనామంలోని శ్లేష అక్కడే ఉంది. ఈ సంకల్పం ఉదాత్తమైనదే. కాని దానికి చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కించాలి. బాలుడు అనాథగా నటిస్తూ గురువు ఇంట్లో ఉండాలి. తల్లి అభిరుచిని అందుకోవడానికి తల్లినే దాచుకోవాలి. పుట్టకముందే అతడి జీవితానికి ఒక ప్రయోజనం నిర్ణయమైంది: తల్లి అవమానాన్ని కడగడం. అతడు ప్రతిభావంతుడు, ఉత్సాహి కనుక ఈ బరువు మనకు కనిపించదు. స్వరం పలకని పిల్లవాడై ఉంటే తులసి సంకల్పం అతడిని ఏం చేసేదన్న ప్రశ్నకు కథలో చోటు లేదు.

తెగిన మూడో దారి

తులసి పుట్టిన సమాజానికి కూడా ఒక వారసత్వ క్రమం ఉంది. తెలుగు నేల మీద కలావంతుల కుటుంబాల్లో పదం, జావళి, అభినయం తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చాయి. క్షేత్రయ్య పదాలు అభినయంతో సహా నిలవడంలో ఆ స్త్రీల పాత్ర విస్మరించరానిది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం, దానికి ముందు సాగిన సంస్కరణోద్యమం దోపిడీని అడ్డుకున్నాయి. అదే సమయంలో ఆ కళకు జీవనాధారం కూడా సన్నగిల్లింది. చిత్రంలో తులసి తల్లి వైపు ప్రపంచం కేవలం వ్యాపారంగానే కనబడుతుంది. అక్కడ విద్య ఉన్నట్టు సూచన బలంగా లేదు. అందుచేత తులసి తన కళకు మూలాన్ని తల్లిలో కాక గురువులోనే వెతుక్కోవలసి వస్తుంది. కూతురికి అందవలసిన దారి మూసుకుపోయాక, కొడుకు ద్వారా గురుపరంపరలో ప్రవేశించడం ఒక్కటే ఆమెకు మిగిలింది.

చరిత్ర చెప్పే సాక్ష్యం

గురుపరంపర రక్తసంబంధం కన్నా బలమైనదన్న వాదన ఉంది. దానికి ఆధారమూ ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తండ్రి పట్టాభిరామయ్య సంగీతజ్ఞుడు, తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేది. పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆ బాలుడిని తండ్రి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు అప్పగించాడు. ఆ విధంగా అతడు త్యాగరాజ శిష్యపరంపరలో చేరాడు. ఇంటి అభిరుచి విత్తనమైతే, గురువు చేలో అది పంటైంది. ‘శంకరాభరణం’ ఈ నమూనాను విస్తరించి, కులం గీసిన గీతను దాటించింది; ఆ సాహసాన్ని తక్కువ చేయరాదు. అయితే కూతురు వారసురాలు కావడం ఆ కాలానికి ఊహకందనిది కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు కుమార్తె ద్వారం మంగతాయారు వాయులీన విద్వాంసురాలిగా పేరు పొందింది. కాబట్టి శారద విషయంలోని మౌనాన్ని కాలధర్మం అని తోసిపుచ్చలేం. అది కథకుడి ఎంపిక.

తెర వెనుక గొంతు

చివరి కచేరీలో శాస్త్రి గొంతు ఆగిపోయినప్పుడు శంకరం అందుకుంటాడు; గురువు తన గండపెండేరాన్ని అతడికి ఇచ్చి కన్నుమూస్తాడు, తులసి ఆయన పాదాల చెంత ప్రాణం విడుస్తుంది. పరంపర కొనసాగింది, దాన్ని కొనసాగించిన స్త్రీ మిగల్లేదు. ఇక్కడ ఒక వాస్తవాన్ని గుర్తుచేసుకోవాలి. ఆ బాలుడి పాత్ర ధరించింది తులసి అనే బాలిక; ఆ సన్నివేశంలో అతడి గానం వాణీ జయరామ్‌ది. మగపిల్లవాడి కాలికి చేరిన పెండేరానికి వెనుక ఉన్నది ఆడపిల్ల దేహం, స్త్రీ గొంతు. పాఠం దాచిన విషయాన్ని నిర్మాణం బయటపెట్టింది.

ముగింపు

‘శంకరాభరణం’ గొప్పతనం విద్యకు కులం అడ్డుకాదని చెప్పడంలో ఉంది. పరిమితి ఆ విద్య లింగభేదాన్ని దాటకపోవడంలో ఉంది. నేర్పిన తండ్రికి కూతురు కనిపించలేదు, తపించిన తల్లికి కొడుకు సొంత కోరిక కనిపించలేదు. అభిరుచి వారసత్వాన్ని చిత్రించే తెలుగు కథనాలను చదివేటప్పుడు ఎవరు నేర్పారు, ఎవరు నేర్చారు అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టుకోకూడదు. నేర్చినా లెక్కలోకి రానివారెవరు, అడగకుండానే బరువు మోసినవారెవరు అన్నవి కూడా పరిశోధకులు వేయవలసిన ప్రశ్నలే.