‘స్వేచ్ఛగా’ అనే మాట: ట్రాకింగ్ పరికరాలు, పోలీసు అధికారానికి హద్దులు, జస్టిస్ కోకా సుబ్బారావు భిన్నతీర్పు

1. ఉపోద్ఘాతం

తీర్పులను మనం ఫలితం కోసమే చదువుతుంటాం. కానీ తీర్పు ఒక వచన రచన కూడా. అందులో ఒక పదానికి స్వీకరించిన అర్థాన్ని బట్టి పౌరుని హక్కు విస్తరిస్తుంది, లేదా కుంచించుకుపోతుంది. అనుమానితుని వాహనానికో, శరీరానికో జీపీఎస్ పరికరం అమర్చి అతని జాడ తెలుసుకునే అధికారం పోలీసులకు ఎంతవరకు ఉండాలన్న ప్రశ్న కూడా చివరకు పదాల అర్థనిర్ణయానికే చేరుతుంది. ఆ దృష్టితో ఖరక్ సింగ్ కేసులోని భిన్నతీర్పును, దాని బలాన్ని, దాని పరిమితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఖరక్ సింగ్ కేసు: క్రియ, క్రియావిశేషణం

1941లో ఒక దోపిడీ కేసులో నిందితుడైన ఖరక్ సింగ్ సాక్ష్యాధారాలు లేక విడుదలయ్యాడు. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. పోలీసు నిబంధనలలోని 236వ నిబంధన ప్రకారం ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేయడం, అతని రాకపోకలను కానిస్టేబుళ్లు, చౌకీదార్ల ద్వారా నమోదు చేయించడం సాగించారు. ఈ నిబంధనలకు శాసనబలం లేదని సుప్రీంకోర్టు గుర్తించింది. అయినా 1962 డిసెంబరు 18న మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను మాత్రమే కొట్టివేసి, మిగిలినవాటిని నిలబెట్టారు. సంచార స్వేచ్ఛ అంటే భౌతికమైన కదలిక. చాటుగా గమనించడం ఆ కదలికను ఆపదు కాబట్టి హక్కుకు భంగం లేదన్నది వారి తర్కం.

రాజమహేంద్రవరంలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి ఈ అర్థాన్ని తిరస్కరించారు. మెజారిటీ తీర్పు ‘సంచరించు’ అనే క్రియ దగ్గర ఆగితే, ఆయన దాని ముందున్న ‘స్వేచ్ఛగా’ అనే క్రియావిశేషణం మీద దృష్టి నిలిపారు. ఆ మాట హక్కుకు విస్తృతార్థం ఇస్తుందని, నిఘా నీడలో ఉన్న మనిషి కదలగలడేగాని స్వేచ్ఛగా కదలలేడని ఆయన వివరించారు. అటువంటి వానికి దేశమంతా చెరసాలే అన్న భావం ఆ తీర్పులో ఉంది. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని కూడా ఆయన నిర్ధారించి, 236వ నిబంధన మొత్తం రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించడంతో ఆ భిన్నతీర్పుకు ఆమోదం లభించింది.

3. భిన్నతీర్పు పరిమితి

సుబ్బారావు వాదంలో సంచార స్వేచ్ఛకు సంబంధించిన భాగం ప్రధానంగా మానసిక నిర్బంధం మీద ఆధారపడింది. తనను గమనిస్తున్నారని తెలిసిన మనిషి జంకుతాడు. కాలికి కనబడేలా తగిలించిన జీపీఎస్ పట్టీకి ఈ వాదం చక్కగా అన్వయిస్తుంది. 2023 నవంబరులో జమ్మూ కాశ్మీర్ పోలీసులు బెయిలు పొందిన నిందితునికి అటువంటి పట్టీని తగిలించారు. కానీ కారు కింద రహస్యంగా అంటించిన పరికరం సంగతేమిటి? తెలియనివాడు జంకడు. అక్కడ మెజారిటీ తర్కమే తిరిగి తలెత్తే ప్రమాదం ఉంది.

ఈ చిక్కు అమెరికా సుప్రీంకోర్టు ముందుకు యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ జోన్స్ కేసులో వచ్చింది. పరికరం అమర్చడానికి పోలీసులకు 10 రోజుల గడువుతో, కొలంబియా డిస్ట్రిక్టుకు పరిమితమైన వారెంటు లభించింది. వారు దాన్ని 11వ రోజున, మేరీలాండ్‌లో జీపు అడుగుభాగాన అమర్చి 28 రోజులు జాడ తీశారు. 2012 జనవరి 23న కోర్టు దీన్ని రాజ్యాంగపరమైన ‘సోదా’గా ఏకగ్రీవంగా తేల్చింది. అయితే కారణాలు వేరు. జస్టిస్ స్కాలియా రాసిన ప్రధాన తీర్పు పరికరాన్ని వాహనానికి తాకించడాన్నే అతిక్రమణగా చూసింది. తాకకుండానే జాడ తీయగల సెల్‌ఫోన్ల కాలంలో ఇది చాలదు. జస్టిస్ అలిటో వ్యవధిని ప్రధానం చేశారు; నాలుగు వారాలు హద్దు దాటినట్టేనన్నారు గాని, హద్దు ఎక్కడో చెప్పలేదు. ప్రభుత్వం గమనిస్తూ ఉండవచ్చునన్న ఎరుకే పౌరుల సాంగత్యాన్ని, భావప్రకటనను అణచివేస్తుందని జస్టిస్ సొటొమయోర్ అన్నారు. సుబ్బారావు వాదంలోని ఖాళీని పూరించేది ఈ మాటే. ఎవరి కారు కిందనైనా పరికరం ఉండవచ్చునన్నప్పుడు, జంకు ఒక్క అనుమానితునికి కాక సమాజమంతటికీ వ్యాపిస్తుంది.

4. ఫ్రాంక్ వైటస్ తీర్పు, మిగిలిన ఖాళీ

2024 జులై 8న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం ఫ్రాంక్ వైటస్ కేసులో ఒక బెయిలు షరతును కొట్టివేసింది. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన స్థానాన్ని దర్యాప్తు అధికారికి తెలియజేయాలన్నది ఆ షరతు. ఆ పిన్ వల్ల నిరంతర నిఘా సాధ్యం కాదని తేలినా, ధర్మాసనం అక్కడితో ఆగలేదు. నిందితుని ప్రతి కదలికనూ పోలీసులు నిరంతరం తెలుసుకునే వీలు కల్పించే ఏ షరతైనా 21వ అధికరణానికి విరుద్ధమని స్పష్టం చేసింది.

ఇది స్వాగతించదగ్గ తీర్పే. కానీ బెయిలు షరతు కాగితం మీద ఉంటుంది; నిందితుడు దాన్ని చదివి పైకోర్టులో సవాలు చేయగలడు. దర్యాప్తు దశలో రహస్యంగా అమర్చే పరికరానికి ఈ అవకాశం లేదు. పుట్టస్వామి తీర్పు ప్రకారం గోప్యతలో జోక్యానికి మొదట చట్టం ఉండాలి, తరువాత న్యాయమైన లక్ష్యం, అనుపాతం ఉండాలి. పోలీసులు వాహనానికి ట్రాకర్ అమర్చడానికి న్యాయమూర్తి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసే ప్రత్యేక శాసనం మనకు లేదు. శాసనబలం లేని నిబంధనలతో 236 నడిచినట్టే, ఇక్కడా చర్య ముందుంది, చట్టం రాలేదు.

5. ముగింపు

అపహరణకు గురైన పసిబిడ్డను వెదికేవేళ పరికరం అవసరం కావచ్చు; అత్యవసరంలో ముందు అమర్చి వెంటనే అనుమతి కోరే వెసులుబాటును చట్టంలోనే కల్పించవచ్చు. అయితే కనబడే నిఘాను దానికి గురైనవాడు ప్రశ్నించగలడు. కనబడని నిఘాను అతడు ప్రశ్నించలేడు కనుక, అతని తరఫున ఆ ప్రశ్నను న్యాయమూర్తి ముందుగానే వేయాలి. వ్యవధి, ప్రాంతం, కారణం రాతపూర్వకంగా ఉండాలి. నిఘా ముగిశాక సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. ‘స్వేచ్ఛగా’ అన్న మాటకు సుబ్బారావు ఇచ్చిన అర్థం తీర్పుల నుండి శాసనంలోకి చేరడానికి ఇవి కనీస నియమాలు.