పల్నాడు పుల్లరి ఉద్యమానంతర దశ – 'మాలపల్లి' నవల: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
1921-22 నాటి పల్నాడు పుల్లరి సత్యాగ్రహంతో రచయిత జీవితపరంగా ప్రత్యక్ష సంబంధం కలిగిన నవల ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. దీనిని గాంధేయ నవలగా, సామ్యవాద ఛాయలున్న నవలగా, దళిత జీవితాన్ని కేంద్రంగా చేసుకున్న తొలి తెలుగు నవలల్లో ఒకటిగా విమర్శకులు పరిశీలించారు. ఉద్యమం అణగారిన తరువాత పనిలో మిగిలేదెవరు, ఏ ఆధారంతో మిగులుతారు అనే ప్రశ్నకు సమాధానం వెతికిన నవలగా దీనిని చదవడం ఈ వ్యాస ఉద్దేశం. పల్నాటి వీరారాధన సంప్రదాయాన్ని, చుండూరు అనుభవాన్ని పోలిక కోసం గ్రహించడమైనది.

కీలకపదాలు: పల్నాడు, పుల్లరి, మాలపల్లి, సంగపీఠం, వీరారాధన, ఉద్యమానంతర దశ.

1. ఉపోద్ఘాతం

పల్నాడు పుల్లరి సత్యాగ్రహం అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించే పేరు కన్నెగంటి హనుమంతు. నాటకాలలో, ఏకపాత్రాభినయాలలో, పాటలలో ఆయన తుపాకులకు ఎదురుగా నిలబడిన క్షణమే పదేపదే కనిపిస్తుంది. ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో కొంతవరకైనా చెప్తారు. తరువాత మించాలపాడులో, వెల్దుర్తిలో, జెట్టిపాలెంలో పశువులను మళ్లీ అడవికి తోలవలసి వచ్చిన రైతులు, కాపర్లు ఏం చేశారన్నది మాత్రం దాదాపు ఎవరూ అడగరు. సాహిత్యం కూడా ఆ వైపు చూడలేదనుకుంటాం. అయితే ఆ ఉద్యమంలో అరెస్టయిన మనిషే జైలులో కూర్చొని వ్రాసిన నవల ఒకటుంది. అందులో పల్నాడు పేరు ముందుకు రాదు, పుల్లరి కథావస్తువు కాదు. అయినా ఉద్యమం తరువాతి కాలాన్ని అంత పట్టుదలగా పట్టించుకున్న తెలుగు నవల ఆనాటికి మరొకటి లేదని నా అభిప్రాయం.

2. పుల్లరి ఉద్యమం – రచయిత ప్రమేయం

నల్లమల అంచునున్న పల్నాటి గ్రామాలకు అడవి అంటే మేత, వంటచెరకు, నాగలికి కావలసిన కర్ర. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు హద్దులు ఊళ్ల దాకా జరిగాయి. పశువును అడవిలో మేపినందుకు చెల్లించవలసిన పన్నే పుల్లరి. హద్దు దాటిన పశువు బందిలదొడ్డికి చేరేది. విడిపించుకోవడానికి మళ్లీ రుసుము. వర్షాభావ ప్రాంతంలో పశువే ఆస్తి కాబట్టి ఈ పన్ను బరువు కాగితంమీది అంకెకంటె ఎంతో ఎక్కువ.

1921లో సహాయనిరాకరణ గాలి పల్నాటికి చేరినపుడు ప్రజలు పుల్లరి కట్టడం మానుకున్నారు. అధికారులకు తిండి, నీరు, పరిచర్యలు అందకుండా సాంఘిక బహిష్కారం పాటించారు. గ్రామస్థుల కష్టాలను విచారించడానికి కాంగ్రెసు పక్షాన వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు అరెస్టయ్యారు. 1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టరు పట్టా పుచ్చుకొని వచ్చిన ఉన్నవకు ఈ ప్రాంతం పరాయిది కాదు. 1922లో రాయవేలూరు జైలులో ఆయన 'మాలపల్లి' రచించారు.

కాలక్రమంలో ఒక అంశం ఇక్కడ గమనించదగినది. చౌరీచౌరా సంఘటన 1922 ఫిబ్రవరి 4న జరిగింది. ఆ నెల 11, 12 తేదీలలో బార్డోలీలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గం సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేసింది. మించాలపాడులో హనుమంతు పోలీసు తుపాకులకు బలైనది ఆ తరువాత, అదే నెలలో. అంటే దేశం లెక్కలో ఉద్యమం ఆగిపోయిన తరువాత పల్నాటి పల్లెలో ఒక మనిషి ఉద్యమంలో ఉన్నందుకే చనిపోయాడు. పైన తీర్మానం చేసినవారికి ముగింపు తేదీ ఉంటుంది. పశువులు అడవి గట్టున నిలబడి ఉన్నవారికి ఉండదు. హనుమంతును మనం ఉద్యమ శిఖరాన నిలిచిన వీరుడిగా చిత్రించుకున్నాం. తేదీలు చూస్తే ఆయన ఉద్యమానంతర దశకు చెందినవాడు.

3. సమ్మె తరువాత సాగే కథ

'మాలపల్లి' కథ మంగళాపురంలో మొదలవుతుంది. మాలదాసరి రామదాసు, భార్య మహాలక్ష్మి, కొడుకులు వెంకటదాసు, సంగదాసు, రంగడు, కూతురు జ్యోతి – ఇదీ కుటుంబం. సంగదాసు కూలీలను కూడగట్టి సమ్మె నడిపిస్తాడు. భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణాలు కోల్పోతాడు. మామూలు ఉద్యమ నవల అయితే నాయకుడి మరణం దగ్గర ఆగుతుంది, లేదా ఆ మరణంతో జనం లేచి విజయం సాధించినట్టు చూపి ముగుస్తుంది. ఉన్నవ ఈ రెండూ చేయలేదు. నాయకుడు పోయేటప్పటికి నవల ఇంకా చాలా మిగిలి ఉంది. ఇతివృత్తం పట్టు తప్పిందనడానికి దీనిని కొందరు ఉదాహరణగా చూపవచ్చు. కట్టుదిట్టమైన కథనం దృష్ట్యా ఆ ఆక్షేపణ న్యాయమే. కాని రచయితకు అవసరమైనది ఆ మిగిలిన భాగమే.

సంగదాసు మరణం తరువాత కుటుంబంలో ఒక్కొక్కరూ ఒక్కో దారి పడతారు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ఉన్నవారిని దోచి లేనివారికి పంచుతాడు. నవలలో అత్యంత ఉత్తేజకరమైన ఘట్టాలు ఇవే. ప్రభుత్వాన్ని భయపెట్టినవాటిలోనూ ఇవి ఉండి ఉంటాయి. ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించడం, 1928లో కొన్ని మార్పులతో అనుమతించడం, 1936లో తిరిగి నిషేధించడం తెలిసినదే. జగ్గడిపట్ల రచయితకు సానుభూతి ఉంది, ఆకర్షణ కూడా ఉంది. అయినా ఆ దారి జగ్గడితోనే ఆగిపోతుంది. అతడు పంచిన ధాన్యం తిన్నవారు ఉన్నారు కాని, అతడు చేసిన పనిని తరువాత ఎత్తుకున్నవారు లేరు.

రామదాసు దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొడుకును చంపినవాడిపై కక్ష పెంచుకోడు, కోర్టుకెక్కడు. భూమి పోతుంది, కుటుంబం నేరస్థుల సెటిల్‌మెంటు పాలవుతుంది. అతడు మాత్రం ఎక్కడ ఉంటే అక్కడ తత్త్వాలు, భజన, నలుగురిని చేర్చుకొని మాట్లాడటం మానడు. సెటిల్‌మెంటులోనూ, జైలులోనూ అదే పని. ఈ ఘట్టాలు సుదీర్ఘమైనవి. వేదాంత చర్చ పాఠకుని ఓపికను పరీక్షిస్తుంది. కాని ఉద్యమాలలో పనిచేసినవారు ఈ పేజీలను మరోలా చదవగలరు. ఊరేగింపు లేని రోజున, పత్రికలో వార్త రాని రోజున, ఎదుటి మనిషితో కలిసి కూర్చోవడానికి ఒక కారణం కావాలి. రామదాసుకు ఆ కారణం భజన. అది రాజకీయం కాదని అధికారి అనుకుంటాడు కాబట్టే అది బతికి ఉంటుంది.

ఇక్కడ రచయిత వేసిన భేదం సూక్ష్మమైనది. ఆవేశం ఉన్నంతవరకే ఉండేవారు, ఆవేశం తగ్గినా ఉండేవారు అని రెండు జాతుల మనుషులు ఉన్నట్టు ఆయన చూపలేదు. వెంకటదాసుకు పట్టుదల తక్కువా? కాదు. అతనికి లేనిది రేపు ఉదయం చేయవలసిన చిన్న పని.

4. రెండు పీఠాలు

సంగదాసు పేర సంగపీఠం వెలుస్తుంది, విజయకళాశాల ఏర్పడుతుంది. నవల మరో పేరు 'సంగవిజయం' కావడం ఇందుకే. ఈ 'పీఠం' అన్న మాట పల్నాటి పాఠకుని చెవికి ప్రత్యేకంగా తాకుతుంది. కారెంపూడిలో వీరుల గుడి ఉంది, వీరాచార పీఠం ఉంది. ఏటా కార్తిక అమావాస్యతో ఆరంభమై అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలను పట్టుకొని దూరపు ఊళ్లనుంచి వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు – యుద్ధ క్రమమంతా తిరిగి నడుస్తుంది. బ్రహ్మనాయుడి చాపకూడును, మాల కన్నమదాసు వీరత్వాన్ని కథాగానంలో నిలబెట్టిన వీరవిద్యావంతులు మాల సామాజిక వర్గంవారే. అలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘైర్ సేకరించి 1982లో ప్రచురించిన పాఠం ఆ పరంపర బలాన్ని లోకానికి తెలిపింది.

ఉన్నవ ఈ సంప్రదాయాన్ని దృష్టిలో ఉంచుకొని సంగపీఠానికి ఆ పేరు పెట్టారని నిరూపించే ఆధారం కోసం ఈ వ్యాసం వెదకడం లేదు. రెండింటిని పక్కపక్కన పెడితే తేలే భేదమే ముఖ్యం. కారెంపూడి పీఠం ఓడిన యుద్ధాన్ని ఏటా ఒకసారి జ్ఞాపకం చేసుకుంటుంది. శతాబ్దాలపాటు నిలిచిందంటే దాని నిర్మాణం సామాన్యమైనది కాదు: ఎవరు ఏ ఆయుధం మోయాలో, ఎవరు పాడాలో, ఏ రోజున ఏం జరగాలో అందరికీ తెలుసు. సంగపీఠం మాత్రం మరణించినవాడి జ్ఞాపకాన్ని నిత్యం జరిగే బోధనగా మార్చాలని చూస్తుంది. పండుగ రోజున చాపకూడులో ఒక పంక్తిన కూర్చున్నవారు మరునాడు ఏ పంక్తిలో ఉంటారన్నది వీరగాథ అడగని ప్రశ్న. నవల ఆ మరునాటినుంచి మొదలు పెడుతుంది.

అట్లని నవలను పైనా, వీరారాధనను కిందా పెట్టడం తొందరపాటు. వీరవిద్యావంతుల పాటను ఎవరి దయా నిలబెట్టలేదు. పాడేవారే దాని యజమానులు. సంగపీఠం స్థితి అది కాదు. చంపిన చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసు మిత్రుడు. అతని పశ్చాత్తాపం, అతని సంపద, అతని మంచితనం లేకపోతే సంగదాసు పేరుతో లేచిన సంస్థలు నవలలో ఇంత సులువుగా నిలవవు. కూలీల సమ్మెతో మొదలైన పని, భూస్వామి కొడుకు మనసు మారడం మీద ఆధారపడవలసి వచ్చింది. పైగా స్వరాజ్యం రావడంతో చెరసాల తలుపులు తెరుచుకున్నట్టు రచయిత 1922లోనే ఊహించి వ్రాశారు. కథలోని ముడులు చాలావరకు ఆ ఊహతోనే విడిపోతాయి. సమ్మె తరువాతి కాలాన్ని అంత ఓర్పుగా నడిపించిన రచయిత, చివరకు వచ్చేసరికి ఓర్పు చాలించుకున్నారనిపిస్తుంది.

5. కోర్టుకెక్కని రామదాసు – కోర్టును ఊరికి రప్పించిన చుండూరు

రామదాసు క్షమను ఈనాటి పాఠకుడు 1922లో చదివినట్టు చదవలేడు. పల్నాటికి తూర్పున, నాటి గుంటూరు జిల్లాలోనే ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులపై ఊచకోత జరిగింది, ఎనిమిదిమంది హతులయ్యారు. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జులైలో కారంచేడు మారణకాండ తరువాత ఏర్పడిన దళిత మహాసభ అనుభవం అప్పటికే ఉంది. చుండూరు బాధితులు మృతులను ఊరి నడిమధ్య ఖననం చేసి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరుకే రప్పించుకున్నారు. తీర్పు వచ్చినది 2007లో: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది.

పదహారేళ్లు సాక్షులు నిలబడటం అంటే ఏమిటో ఈ వివరాలు కొంతే చెప్తాయి. వాయిదాకు పోవడం అంటే ఆ రోజు కూలి పోవడం. సభకు వేలమంది వస్తారు, వాయిదాకు వచ్చేది పదిమందే. సంగపీఠం వంటి నిత్యకృత్యం ఇక్కడ కోర్టు వాయిదా రూపంలో ఉంది. రామదాసు భజనకూ ఈ వాయిదాకూ ఉన్న పోలిక పైకి కనిపించదు. రెండూ జనాన్ని కలిపి ఉంచిన పనులే. భేదమల్లా, రామదాసు న్యాయాన్ని దైవానికి వదిలాడు. చుండూరువారు ఎవరికీ వదలలేదు. 'మాలపల్లి'లో దళిత పాత్రలకు రచయిత ఇవ్వలేకపోయినది ఈ హక్కుభావమేనని చెప్పక తప్పదు. ఆనాటి గాంధేయ నీతి ఆయన చేతిని పట్టుకుంది. హైకోర్టు తీర్పు తరువాత చుండూరు శ్రమ వృథా అయిందనేవారు ఉన్నారు. ఫలితాన్నిబట్టి మాత్రమే కొలిస్తే మించాలపాడునూ అట్లాగే కొట్టివేయవలసి ఉంటుంది.

6. నవలకు బయట ఉండిపోయిన పని

మహాలక్ష్మి, జ్యోతి పాత్రల గురించి విమర్శకులు కరుణరస దృష్టితో ఎక్కువగా వ్రాశారు. కాని మగవారు సమ్మెలోనో, జైలులోనో ఉన్నపుడు ఇంటిని నడిపినది, వచ్చినవారికి అన్నం పెట్టినది, పిల్లలను కాచినది ఎవరు? నవల ఆ పనిని చూపుతుంది, పేరు మాత్రం పెట్టదు. జ్యోతి మరణిస్తుంది, మహాలక్ష్మి కథాంతాన్ని చూడదు. రామదాసు చివరకు అన్నీ వదిలి వెళ్లిపోవడంలో ఒక విరాగి ఔన్నత్యం ఉంది. ఆ వీలు ఇంటిని మోసిన స్త్రీకి ఎన్నడైనా ఉన్నదా? సంగదాసు పేర పీఠం వెలిసింది, కళాశాల వచ్చింది. జ్యోతి పేర, మహాలక్ష్మి పేర ఏమీ వెలియలేదు.

ఈ లోపం రచయిత జీవితాన్నిబట్టి చూస్తే మరింత ఆశ్చర్యకరం. 'మాలపల్లి' రచించిన 1922లోనే గుంటూరులో స్త్రీ విద్య కోసం శారదానికేతనం ఏర్పడింది. అంతకు చాలా ముందునుంచే ఉన్నవ దంపతులు వితంతువుల పునర్వివాహాలకు, వారి ఆశ్రయానికి పూనుకొని ఉన్నారు. ఉన్నవ ఉప్పు సత్యాగ్రహానికి, తరువాతి ఉద్యమాలకు వెళ్లివచ్చారు, జైళ్లకూ వెళ్లివచ్చారు. ఆ సంస్థ బాధ్యతను భుజాన వేసుకున్నది ఆయన భార్య లక్ష్మీబాయమ్మ. ఉద్యమాలు లేచినపుడూ, అణగినపుడూ అక్కడి బాలికలకు ఆ పూట భోజనం, ఆ రోజు పాఠం ఏర్పాటు కావలసిందే. సంగపీఠాన్ని కల్పించిన రచయితకు అటువంటి పీఠాన్ని నడపడం అంటే ఏమిటో ఊహించుకోవలసిన అవసరం లేదు. తన ఇంట్లోనే ఉంది. అయినా మంగళాపురంలోని విజయకళాశాలకు లక్ష్మీబాయమ్మ వంటి స్త్రీ పాత్ర ఒక్కటీ ప్రవేశించలేదు.