చిల్లపెంకు

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. నా దగ్గరున్న తెలుగు బైబిలు అక్కడే కొన్నాను. అట్ట ఊడిపోయింది కానీ లోపలి కాగితాలు గట్టిగానే ఉన్నాయి. ఆ రోజుల్లో మా పెద్దమ్మను రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రిలో చేర్చారు. ఆబిడ్స్ నుంచి చాపెల్ రోడ్డు మీదుగా నాంపల్లి చేరి, అక్కణ్నుంచి ఆసుపత్రికి నడిచేవాణ్ని. ఆమె మంచం పక్కన కూర్చునే యోబు గ్రంథం మొదటిసారి పూర్తిగా చదివాను.

చూడవచ్చినవాళ్లు తలా ఒక కారణం చెప్పేవారు. దేవుడు పరీక్షిస్తున్నాడని ఒకరు. ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుందని ఒకరు. ఇంకా విశ్వాసంతో ప్రార్థించాలని మరొకరు. అందరూ ప్రేమతో వచ్చినవాళ్లే. ప్రేమగల దేవుడు ఇంత బాధను ఎందుకు రానిస్తాడన్న ప్రశ్నకు మనిషి నోటికి తోచే జవాబులన్నీ ఆ వార్డులో విన్నాను. చేతిలో ఉన్న పుస్తకంలోనూ అవే జవాబులు కనిపించాయి. పేరు తెలియని ఒక హీబ్రూ కవి రెండు వేల ఏళ్లకు పూర్వమే వాటన్నిటినీ రాసిపెట్టాడు. పైగా మంచివాళ్ల నోట, చక్కటి మాటల్లో రాశాడు. ఆ మాటలు సరైనవి కావని చివర్లో దేవుడి చేతే చెప్పించాడు. ఆ పనితనం ఎంతటిదో చెప్పాలనే ఈ వ్యాసం.

గ్రంథం కట్టడం మన చంపూ కావ్యాన్ని గుర్తుకు తెస్తుంది. మొదటి రెండు అధ్యాయాలూ, 42వ అధ్యాయం చివరి భాగమూ గద్యం. నడుమ ఉన్నది దాదాపు అంతా పద్యం. ఊజు దేశంలో యోబు అనే నీతిమంతుడు. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు. ఒక్క రోజులో అన్నీ పోతాయి. ఆ రోజును కవి నలుగురు దూతల నోట చెప్పించాడు. ఒకడి మాట పూర్తికాకముందే ఇంకొకడు వచ్చి పడతాడు. వినేవాడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఆ నాలుగు వార్తల వరస గమనించండి. మొదట షెబాయీయులు దాడి చేశారు. తర్వాత ఆకాశం నుంచి అగ్ని పడింది. మూడోసారి కల్దీయులు వచ్చి దోచారు. చివరికి ఎడారి గాలి ఇంటిని కూల్చింది. మనుషుల దుర్మార్గం, ప్రకృతి ఉత్పాతం, మళ్లీ దుర్మార్గం, మళ్లీ ఉత్పాతం. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు ఉందని అగస్టీను దగ్గర్నుంచీ క్రైస్తవ పండితులు చెబుతూ వచ్చారు. ఆ వాదం దోపిడీకి సరిపోతుంది. గాలికి, పిడుగుకు, మా పెద్దమ్మ రొమ్ములో గడ్డకు అంత సులువుగా సరిపోదు. కవి ఆ రెంటినీ ఒకే జడలో అల్లి, ఏదో ఒక పాయకే జవాబు చెప్పి తప్పించుకునే దారి ముందే మూసేశాడు.

తెలుగు చేసినవారి నేర్పునూ తలచుకోవాలి. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, దెగ్రాంజ్‌ల కాలం నుంచి పండితులూ మిషనరీలూ కలిసి తరాల తరబడి చేసిన పని అది. దేవుడి సభలో యోబు భక్తిని శంకించి పందెం కట్టే సాతాను హీబ్రూలో వ్యక్తి పేరుగా కాక, నేరం మోపేవాడి హోదాగా కనిపిస్తుంది. తెలుగు బైబిలు ఇక్కడ పేరు వాడకుండా ‘అపవాది’ అంది. ఒక్క మాటతో దేవుడి సభ న్యాయస్థానమైపోయింది. తర్వాత ఒళ్లంతా కురుపులు లేచిన యోబు గోక్కోవడానికి తీసుకున్నది ‘చిల్లపెంకు’. పగిలిన కుండ ముక్కకు మన ఇళ్లలో వాడే మాట అది. ఆ మాట చదివాక యోబు ఎక్కడి వాడో అనిపించడు.

స్నేహితులు ముగ్గురు: ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వాళ్లు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాకే చెడింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్న మన సామెతే వాళ్ల వాదమంతా. వాళ్ల ఓటమిని కవి దేవుడి తీర్పుకు ముందే రూపంలో చూపిస్తాడు. మొదటి రెండు విడతల్లో ముగ్గురూ మాట్లాడతారు. మూడో విడతకు వచ్చేసరికి బిల్దదు ప్రసంగం ఆరు వచనాలకు కుంచించుకుపోతుంది. జోఫరు అసలు మాట్లాడడు. అక్కడి పాఠం చెదిరిందనే పండితులూ ఉన్నారు. నాకు మాత్రం వాదం దానంతటది ఎండిపోవడమే కనిపిస్తుంది. తర్వాత వచ్చే నాలుగోవాడు ఎలీహు మాట్లాడే ఆరు అధ్యాయాలు మాత్రమే బరువనిపిస్తాయి. అవి తర్వాత చేర్చినవని చాలామంది అంటారు, నేనూ నమ్ముతాను.

తెలుగువాడికి ఇక్కడ హరిశ్చంద్రుడు గుర్తుకురాక మానడు. అక్కడా పైలోకంలో పందెమే, ఇక్కడా పందెమే. బలిజేపల్లి వారి నాటకంలో కాటిసీను నడుస్తుంటే, జాషువాగారి శ్మశానవాటి పద్యాలు వింటూ కళ్లు తుడుచుకున్న తరాలు మనవి. కానీ తేడా చూడండి. హరిశ్చంద్రుడికి చివర్లో దేవతలు ప్రత్యక్షమై ఇదంతా పరీక్ష అని చెబుతారు. లోహితాస్యుడు లేచి కూర్చుంటాడు. యోబుకు పందెం సంగతి ఎవరూ చెప్పరు. పాఠకుడికి తెలిసింది యోబుకు చివరిదాకా తెలియదు. చనిపోయిన పిల్లలు లేవరు.

మరి దేవుడు ఏం మాట్లాడాడు? 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దిగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. మనుషులే లేని ఎడారి మీద కురిసే వాన గురించి, కొండమేకల కాన్పు గురించి, నీటిగుర్రం, మకరం గురించి. బాధ గురించి ఒక్క మాట లేదు. మొదట నాకు కోపం వచ్చింది. మూడోసారి చదివినప్పుడు ఒకటి తట్టింది. యోబు ఇన్ని అధ్యాయాలుగా కారణం అడుగుతూనే, అంతకంటే గట్టిగా దేవుడితో ముఖాముఖి నిలబడాలని అడిగాడు. ఆ రెండోది దొరికింది. స్నేహితులు దేవుడి గురించి మాట్లాడారు. యోబు దేవుడితో మాట్లాడాడు, పోట్లాడాడు. దేవుడు చివరికి యోబే సరిగా మాట్లాడాడన్నాడు. స్నేహితులకు క్షమాపణ కావాలంటే యోబు ప్రార్థన చేయాలన్నాడు.

ఈ ధిక్కారానికి మన భాషలో వారసుడు జాషువాగారే. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో ఆకలిగొన్న దళితుడు తన గోడు కాశీ విశ్వనాథుడి చెవిన వేయమని గబ్బిలాన్ని పంపుతాడు. రాసినవాడు క్రైస్తవ ఇంట పుట్టినవాడు, తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాసినవాడు. దేవుడికి ఫిర్యాదు చేయడం భక్తిలో భాగమేనని యోబు గ్రంథం రాసిన కవికి తెలుసు, జాషువాగారికీ తెలుసు.

తెలుగు క్రైస్తవులు బాధను ‘శ్రమ’ అంటారు. మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిల్లో సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తారు. నాలుగో మాట ‘ఎందుకు’ అన్న ప్రశ్న. దేవుని కుమారుడే ఆ ప్రశ్న అడిగాడు, ఆయనకూ ఆకాశం నుంచి జవాబు రాలేదు. బాధకు కారణం చెప్పని దేవుడు బాధలోకి తానే దిగివచ్చాడని క్రైస్తవ విశ్వాసం. యోబు కూర్చున్న బూడిదకు పక్కనే సిలువను నిలబెట్టి చదివితే తప్ప ఆ విశ్వాసం బరువు తెలియదు.

పెద్దమ్మ ఆ ఏడాదే పోయింది. ఆదరణ కూడికలో యోబు గ్రంథం మొదటి అధ్యాయం చదివారు, ఆఖరి అధ్యాయం చదివారు, నడుమ నలభై వదిలేశారు. చాలాచోట్ల అంతే. రెట్టింపు ఆశీర్వాదం మాట అందరికీ గుర్తుంటుంది. గొర్రెలు 14,000 అయ్యాయి, ఒంటెలు 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. కవి అక్కడ లెక్క రెట్టింపు చేయలేదు. ఆ నడుమ అధ్యాయాలు చదవండి. మౌనంగా కాదు, పైకి చదవండి. ఎవరైనా మంచాన ఉంటే వాళ్లకు వినబడేలా చదవండి.